ఆటపడవల రేడియోకు బూస్టరు



కొల్లేటి గట్లమీదను, ఏలూరు కాలువ ఒడ్డునను, తాడేపల్లిగూడెము చుట్టుపట్ల బయళ్ళలోను ఇప్పుడు పడుచువాండ్రు చేత చిన్నపెట్టె పట్టుకొని నీటిమీద ఆటపడవలను, గాలిలో చిన్నవిమానములను నడుపుట మీరు చూచియే యుందురు. పెట్టెకును పడవకును నడుమ త్రాడు లేదు, తీగ లేదు. పుల్లవంటి మీటను ఇటు త్రిప్పిన పడవ ఇటు తిరుగును. కొంతదూరము పోయిన పిమ్మట మాత్రము అది మాట వినుట మానుకొనును. అప్పుడు కుఱ్ఱవాడు ఇంటికి వచ్చి, "తాతా, దీనికి బూస్టరు తగిలించినయెడల అవతలి గట్టుదాక పోవునట, కొనిపెట్టు" మని యడుగును. కొనియిచ్చుటకు ముందు తాత తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు. బూస్టరు చేయు పనియేమి, చేయలేని పనియేమి, చట్టము దానినిగూర్చి యేమనుచున్నది, అంతకంటె చౌకయైన ఉపాయము మరియొకటి గలదా అనునవియే నేటి ప్రసంగమునకు విషయములు.

ఈ ఆట క్రొత్తది కాదు. 1895 ప్రాంతమున కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు మిక్కిలి పొట్టివైన విద్యుత్తరంగములను గోడల నుండి పంపి, దూరమున నున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చిచూపిరి. 1898లో న్యూయార్కు నగరపు ప్రదర్శనశాలలో నికోలా టెస్లా యను పండితుడు నీళ్ళతొట్టిలో చిన్నపడవను తీగ లేకుండ నడిపి, చూడవచ్చినవారిని విభ్రాంతులను జేసెను. 1937లో అమెరికాలో వాల్టరు గుడ్, విలియము గుడ్ అను కవల సోదరులు రేడియోతో నమూనావిమానమును నడిపిరి. అనగా ఈనాటి పిల్లవాడు ఆడుచున్న ఆటకు నూరేండ్లకు మించిన వంశవృక్షము గలదు.

చేతిపెట్టెను ట్రాన్స్‌మీటరనియు, పడవలోని చిన్నబిళ్ళను రిసీవరనియు అందురు. పెట్టెలోనుండి ఏరియలు ద్వారా తరంగములు నలుదిక్కులకు పోవును. ఒకప్పటి ఆటపెట్టెలు 27 మెగాహెర్ట్సుల తరంగములను వాడెడివి. ఆ తరంగము పొడవు 11 మీటర్లు. అందుచేతనే ఆ పెట్టెలకు లాగినకొలది సాగు పొడుగాటి ఉక్కుపుల్ల యుండెడిది. ఇప్పటివి ప్రాయికముగా 2.4 గిగాహెర్ట్సులవి. వీని తరంగము పొడవు 5 అంగుళములకు కొంచెము తక్కువ. అందులో నాలుగవవంతు పొడవుగల తీగ, అనగా ఒకటింబావు అంగుళము, రిసీవరునకు ఏరియలుగా చాలును. తీగ పొట్టిదైనది గదా యని అలక్ష్యము చేయరాదు. ఆ ఒకటింబావు అంగుళమును మడచి మోటారు ప్రక్కనో, బ్యాటరీ క్రిందనో దోపుటచేతనే సగము పడవలు మాట వినకపోవుచున్నవి.

ఇక బూస్టరు సంగతి. మన కాలువల లాకు తలుపును తలచుకొనుడు. లాకుమనిషి చేతితో చక్రము త్రిప్పును. ఆ చేతిబలము కొంచెమే. కాని తలుపు లేచిన పిదప దాటిపోవు నీటి బలము అపారము. ఆ బలము మనిషిది కాదు, కాలువది. బూస్టరులోని ట్రాన్సిస్టరు అట్టి తలుపే. చేతిపెట్టె యిచ్చు బలహీనమైన తరంగము తలుపును ఎత్తుచు దించుచు నుండును. బలమంతయు బ్యాటరీ నుండి వచ్చును. కావున ఒక వాట్టు శక్తిని ఏరియలునకు పంపవలెనన్న బ్యాటరీనుండి మూడు నాలుగు వాట్టులు లాగవలసివచ్చును. మిగిలినది వేడిగా మారును. బూస్టరు పెట్టెకు అల్యూమినియము రెక్కలు పెట్టునది ఆ వేడి పోవుటకే. వేసవి మధ్యాహ్నము గట్టుమీద ఎండలో దానిని గుడ్డసంచిలో చుట్టిపెట్టిన వాడు కొలదిసేపటికే దానిని కాల్చుకొనును. ఏరియలు తగిలింపక మీట నొక్కుటయు అట్టిదే. పోవుటకు దారిలేని శక్తి వెనుకకు మరలి ట్రాన్సిస్టరును చంపును.

పదిరెట్లు బలము పెంచిన పదిరెట్ల దూరము పోవునని కుఱ్ఱవాండ్రు తలంతురు. అది పొరపాటు. దీపపు వెలుగువలె తరంగము దూరమునకు పోయినకొలది పలుచబడును. దూరము రెట్టింపైనచో అందు బలము నాలుగవవంతు. అందుచేత దూరమును రెట్టింపు చేయుటకు నాలుగురెట్లును, మూడురెట్లు చేయుటకు తొమ్మిదిరెట్లును బలము కావలయును. సాధారణమైన చేతిపెట్టె వాట్టులో పదవవంతు శక్తి పంపును. దానికి ఒక వాట్టు బూస్టరు తగిలించినయెడల బలము పదిరెట్లు, దూరము మూడురెట్లకు ఇంచుక మించి పెరుగును. ఇది ఆకాశమున ఎగురు విమానమునకు, నడుమ అడ్డు లేనప్పటి మాట.

నీటిమీది పడవకు ఈ లెక్క చెల్లదు. ఇచ్చటనే కొల్లేటివారు ప్రత్యేకముగా గమనింపవలసిన విశేషము గలదు. నీటిపైని తరంగము రెండు దారులలో పడవను చేరును. ఒకటి తిన్నగా పోవునది. రెండవది నీటిపై పడి అద్దముమీద వలె ఎగిరి పోవునది. ఎగిరినది తలక్రిందై ఎగురును. మొదటిదానికి మిట్ట యున్నచోట రెండవదానికి పల్లముండును. పడవ ఏరియలు నీటికి మూరెడు లోపల నుండుటచేత ఈ రెండు దారులకును పొడవులో భేదము మిక్కిలి స్వల్పము. కావున మిట్టయు పల్లమును ఒకదానినొకటి మింగివేయును. దీని ఫలితముగా దూరము రెట్టింపైనప్పుడు బలము నాలుగవవంతు గాక పదునాఱవవంతగును. పదిరెట్ల బూస్టరు తగిలించినను దూరము ఒకటిముప్పాతిక రెట్లు మాత్రమే పెరుగును. 200 గజములు పోవు పడవ 350 గజములు పోవును, అంతే. అవతలి గట్టు ఆశ అవతలనే యుండును.

మరి చౌకయైన ఉపాయమేది? ఎత్తు. నీటిమీద ఈ తరంగముల బలము ఏరియలు ఎత్తుయొక్క వర్గమునుబట్టి పెరుగును. చేతిపెట్టె ఏరియలు నీటికి 6 అడుగుల ఎత్తున నున్నదనుకొందము. గట్టుమీద బల్ల వేసికొని దానిని 12 అడుగులకు ఎత్తినయెడల పడవకు అందు బలము నాలుగురెట్లగును. పడవలోని ఏరియలు ఒక అడుగున నుండగా దానిని సన్నని వెదురుపుల్లకు కట్టి రెండడుగులు చేసినయెడల ఇంకొక నాలుగురెట్లు. రెండును కలిసి పదునాఱురెట్లు, దూరము సరిగా రెట్టింపు. పదిరెట్ల బూస్టరు కంటె ఒక వెదురుపుల్లయు ఒక బల్లయు ఎక్కువ పని చేసినవి! బ్యాటరీ ఖర్చు లేదు, వేడి లేదు, చట్టముతో తగవు లేదు. వెదురుపుల్ల మరీ పొడవైనచో గాలికి పడవ ఒరగునను మాట నిజమే. దానిని పడవ వెడల్పునుబట్టి చూచుకొనవలెను.

ఎత్తునకు మరియొక కారణము గలదు. తరంగపు దారి దారమువలె సన్ననిది కాదు. రెండు కొనల సన్నముగా నుండి నడుమ ఉబ్బిన దోసకాయవంటిది. కిలోమీటరు దూరమున ఆ దోసకాయ నడుమభాగము దారికి పైని 18 అడుగులు, క్రింద 18 అడుగులు ఉబ్బియుండును. నడుమ గట్టు లేచినను, గుఱ్ఱపుడెక్క దట్టముగా పెరిగినను, తడిసిన కొబ్బరిమట్టలు అడ్డువచ్చినను ఆ ఉబ్బు కోతపడును. కంటికి పడవ కనబడుచున్నను రేడియోకు కనబడకపోవుట ఇందువలననే. నీరు ఈ తరంగములను బాగుగ పీల్చును గనుక తడి ఆకులే గాక మనుష్యుల దేహము సయితము అడ్డే. పెట్టెను పొట్టకు ఆనించుకొని వెనుదిరిగి నిలిచి, పడవ చెప్పినమాట వినలేదని వాపోవు బాలురున్నారు.

ఏరియలును పట్టు తీరు ఇంకొకటి. అనేకులు బాణము గురిపెట్టినట్లు దాని కొనను పడవవైపు చూపుదురు. అది విపరీతమైన పని. పుల్లవంటి ఏరియలు ప్రక్కలకు బలముగా పంపును. కొనవైపునకు దాదాపు ఏమియు పంపదు. పెట్టె ఏరియలును నిలువుగ నుంచి, పడవ ఏరియలును నిలువుగనే యుంచవలెను. ఒకటి నిలువు, ఒకటి అడ్డము అయినచో బలములో పెక్కు భాగము వ్యర్థమగును. ఏరియలును దూరముగా నెత్తుటకు సన్నని తీగ వాడినవారు ఇంకొకటి చూచుకొనవలెను. బజారులో ఆర్‌జీ-58 అని దొరకు సన్ననితీగ ఈ పొట్టితరంగమును మీటరునకు అయిదవవంతు చొప్పున తినివేయును. నాలుగు మీటర్ల తీగ పెట్టినచో సగముకంటె ఎక్కువ త్రోవలోనే హరించును. అందుచేత తీగను పెంచుట కంటె పెట్టెతోపాటు మనిషియే బల్ల ఎక్కుట మేలు.

ఇంతయు విన్నపిమ్మటను బూస్టరే కావలెనన్న, దాని లోపములను కూడ వినవలెను. నేటి పెట్టెలు మాటలాడుటయే గాక వినును. పడవ తన బ్యాటరీ ఎంత మిగిలినదో, తనకు తరంగము ఎంత బలముగా అందుచున్నదో తిరిగి చెప్పుచుండును. చౌకబూస్టరు వెళ్ళు తరంగమును పెంచును గాని వచ్చు తరంగమునకు దారి మూయును. కొల్లేటి లంకలో నొకడు బాకా పట్టుకొని కేక వేసినయెడల దూరపు దోనెవాడు వినును. కాని దోనెవాని జవాబు లంకవానికి వినబడునా? బాకా గొంతును పెంచును, చెవిని పెంచదు. పంపు సమయమున ఒక దారిని, విను సమయమున ఇంకొక దారిని తనంతట మార్చుకొను రెండుదారుల బూస్టరులున్నవి. అవి ఖరీదు, అందును మంచివి తక్కువ. అదియు గాక, తన కొలతకు మించిన బలమును లోపలికి ఇచ్చినప్పుడు బూస్టరు తరంగమును వికృతము చేయును. అప్పుడు 2.4 గిగాహెర్ట్సులందే గాక దానికి రెట్టింపైన 4.8లోను, చుట్టుపట్లను చిల్లరతరంగములు చిమ్మును. కొనుటకు ముందు పెట్టె ఎంత పంపునో, బూస్టరు ఎంతవరకు మ్రింగగలదో, రెండు అంకెలను సరిచూడవలెను. అమ్మువాడు ఆ అంకెలు చెప్పలేకపోయినచో ఆ సరకు వద్దు.

దూరము కావలెనన్న వేరొక దారియు గలదు. అది బలము పెంచుట కాదు, వేగము తగ్గించుట. దోనెవాండ్రు దూరమునకు పిలుచునప్పుడు గబగబ మాటలాడరు. ఒక్కొక్క అక్షరమును సాగదీసి పిలుతురు. గాలిలో చెదరినను అర్థము అందును. ఆ సూత్రముననే కొన్ని క్రొత్తపెట్టెలు తమ ఆజ్ఞలను నెమ్మదిగా సాగదీసి పంపును. వానిని లోరా పద్ధతి యందురు. మన దేశమున 865 మెగాహెర్ట్సుల మొదలుకొని కొంత భాగమును చిన్న యంత్రములకు లైసెన్సు లేక విడిచియున్నారు. ఆ తరంగము జానెడున్నర పొడవుగలది, ఆకుల నుండి కొంత మేలుగా సాగును. నా యభిప్రాయమున పాతపెట్టెకు బూస్టరు అతుకుట కంటె ఇట్టి పెట్టెకు మారుటయే తెలివి. ఇతరదేశములకై చేసిన సరకు 915 మెగాహెర్ట్సులది వచ్చును. అది ఇక్కడికి తగినది కాదు.

ఇక చట్టము. నిస్తంత్రీ యంత్రములను లైసెన్సు లేక ఉంచుకొనరాదని 1933లోనే శాసనము చేయబడినది. 2023లో క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినది. సాధారణుల ఆటకు అడ్డురాకుండ ప్రభుత్వము కొన్ని తరంగభాగములకు మినహాయింపు నిచ్చినది. 2005లో ప్రచురించిన నియమముల ప్రకారము 2.4 గిగాహెర్ట్సులలో, తరంగమును తగినంత వెడల్పున పరచి పంపు యంత్రము ఒక వాట్టు వరకును, ఏరియలు ఒకవైపునకు కూడగట్టుట వలని బలముతో కలిపి లెక్కించిన నాలుగు వాట్టుల వరకును పంపవచ్చును. యంత్రము ప్రభుత్వపు ఆమోదము పొందిన రకమై యుండవలెను. బజారులో రెండు వాట్టులు, అయిదు వాట్టులు, ఎనిమిది వాట్టులని వ్రాసి అమ్ము బూస్టరులు ఈ మినహాయింపులోనికి రావు. ఈ మినహాయింపునకు ఇంకొక షరతు గలదు. నీ యంత్రము ఇతరులకు చెఱుపు చేయరాదు. ఇతరుల యంత్రము నీకు చెఱుపు చేసిన నీవు ఫిర్యాదు చేయరాదు. ఇది ఊరి ఉమ్మడిబీడు వంటిది. అందరి పశువులును మేయవచ్చును, ఎవరికిని హక్కు లేదు. ఇంటింటి వైఫైయును, చెవిలో పెట్టుకొను బ్లూటూతును మేయునది ఆ బీడులోనే. హద్దుమీరిన బూస్టరు ఊరిలోని ఇంటర్నెట్టును తడబరచగలదు.

సెల్‌ఫోనుకు తగిలించు బూస్టరు వేరు. దానినిగూర్చి ఇక్కడనే చెప్పవలెను. గ్రామములలో సిగ్నలు తక్కువని ఇంటిపైన పెట్టుకొను ఫోను బూస్టరులు అనుమతి లేనివైనచో చట్టవిరుద్ధములు. ఒక్క ఇంటి బూస్టరు చేయు రొద టవరు చెవిని నింపివేయుటచేత ఆ చుట్టుపట్ల అందరి ఫోనులును కుంటుపడును. రొయ్యలచెరువుల ఏరేటర్లను, పంపులను రాత్రివేళ ఫోనుతో ఆన్ చేయు రైతులు మన ప్రాంతమున గలరు. ఒకని బూస్టరు వలన తెల్లవారుజామున ఇంకొకని ఏరేటరు తిరుగకపోయినయెడల చెరువులోని ప్రాణవాయువు తగ్గి సరకంతయు తేలిపోవును. ఆటకని కొన్న వస్తువు పొరుగువాని పంటను తినుట యిట్లు జరుగును.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేకవీధులు మునిగినప్పుడు మేడలమీద చిక్కినవారికి డ్రోనులతో ఆహారమును, మందులను అందించిరి. ఆ బుడమేరే కొల్లేటిలోనికి వచ్చునది. తమ్మిలేరు కూడ అంతే. నీరు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. ఇట్టి దేశమున వరదవేళ గాలిలో నడచునవి ఆటవస్తువులు కావు. అట్టి సమయమున వేడుకకని పెద్దబూస్టరుతో గట్టుమీద నిలిచినవాడు, తనకు తెలియకయే, సహాయకుల డ్రోనుకు అడ్డుపడవచ్చును. వరదరోజులలో ఆటపెట్టెలన్నియు కట్టివేయించుట పెద్దల పని.

దూరము పెంచుటకు ఇంకొక హద్దు గలదు. వేడుకకు ఎగురవేయు నమూనావిమానము నడుపువాని కంటిచూపులోనే యుండవలెనని 2021 డ్రోను నియమముల భావము. ఎగురవేయదగిన ప్రాంతములను ప్రభుత్వపు గగనపటమున ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో చూపియున్నారు. ఆకుపచ్చచోట 400 అడుగుల వరకు ఎగురవేయవచ్చును. తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపు బాట యున్నదని అక్కడికి పరుగెత్తు బాలురు మొదట ఆ పటము చూడవలెను. అడుగు వెడల్పుగల విమానము కొన్ని వందల గజములు దాటిన పిమ్మట ముందుకు వచ్చుచున్నదో, వెనుకకు పోవుచున్నదో కంటికి తెలియదు. కంటికి అందని దూరమునకు తరంగము అందిన ప్రయోజనమేమి?

కొల్లేరు 1999లో వన్యప్రాణులకు అభయారణ్యమైనది. 2002లో అంతర్జాతీయమైన రామ్‌సర్ పట్టికలో చేరినది. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచు కాలమున నెత్తిమీద గింగురుమను యంత్రము వచ్చినయెడల తల్లిపక్షులు బెదరి లేచిపోవును. గూటిలోని గ్రుడ్లును పిల్లలును ఎండపాలగును, కాకులపాలగును. అటవీశాఖవారి అనుమతి లేనిదే అక్కడ విమానమును గాని పడవను గాని నడుపరాదు. దూరమున నిలిచి బూస్టరుతో లోపలికి పంపుట మరింత తప్పు. అక్కడ చెడిపోయిన యంత్రమును తెచ్చుకొనుటకు గూళ్ళనడుమ నడువవలసివచ్చును.

యంత్రములు విప్పి కూర్చు ఆసక్తి నిజముగా గల బాలునకు నేరుదారి యొకటి గలదు. కేంద్రప్రభుత్వమువారు ఔత్సాహిక రేడియో పరీక్షలు జరుపుదురు. వానికి 12 ఏండ్లు నిండిన చాలును. ఆ లైసెన్సు పొందినవారిని హాములందురు. తమకు కేటాయించిన తరంగములలో వారు ట్రాన్స్‌మీటరులను, యాంప్లిఫయరులను స్వయముగా కట్టుకొని ప్రపంచమంతటితో మాటలాడవచ్చును. హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ విద్యను నేర్పుచున్నది. బూస్టరుకు పెట్టు డబ్బు ఆ పుస్తకములకు పెట్టిన నాలుగింతలు ఫలించునని నా నమ్మకము.

బూస్టరు ఉన్నను లేకున్నను ఒక పరీక్ష తప్పనిసరి. తరంగము తెగినప్పుడు యంత్రము ఏమి చేయవలెనో రిసీవరుకు ముందే నేర్పియుంచవలెను. దీనిని ఫెయిల్‌సేఫ్ అందురు. నేర్పనిచో కొన్ని రిసీవరులు కడపటి ఆజ్ఞనే పట్టుకొని కూర్చుండును. పూర్తివేగమున నున్న పడవ అదే వేగమున రేవులో స్నానము చేయువారి మీదికి పోవును. పడవకు మోటారు ఆగునట్లును, విమానమునకు ఇంజను ఆగి మెల్లగా దిగునట్లును పెట్టవలెను. పిమ్మట ప్రొపెల్లరు ఊడదీసి, మోటారు నడచుచుండగా చేతిపెట్టెను ఆర్పి చూడుడు. మోటారు వెంటనే ఆగవలెను. ఆగినచో పెట్టెలో దూరపరీక్ష మీట యున్నదేమో చూచి, దానిని నొక్కి తరంగమును బలహీనపరచి 30 అంగలు దూరము నడచి, చుక్కాని మాట వినుచున్నదా పరీక్షింపుడు. ఏరియలును కదలించినను, బ్యాటరీని మార్చినను, బూస్టరును తగిలించినను, తీసివేసినను ఈ రెండు పరీక్షలను నీటిలో దింపుటకు ముందు మొదటినుండి మరల చేయవలెను.